గాజుతొట్టిలో చెరువు



మా ఇంటి వరండాలో కిటికీ పక్కన ఒక గాజుతొట్టి ఉంది. పొడవు అడుగు, వెడల్పు ఎనిమిది అంగుళాలు, ఎత్తు ఎనిమిది అంగుళాలు. నిండా పోస్తే 12 లీటర్ల చిల్లర పడుతుంది, అంటే బిందెడు నీళ్ళు అన్నమాట. అడుగున కాస్త మన్ను, దానిమీద ఇసుక, ఇసుకలో నాలుగైదు రకాల నీటి మొక్కలు. ఇవాళ ఈ బిందెడు నీళ్ళ కథే చెప్పబోతున్నాను. చిన్న వస్తువే గానీ, దాని వెనక రెండువందల యాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

ఆ చరిత్ర జోలికి నేను సరదాకి వెళ్ళలేదు. మాది హోసూరు. మా మనవరాలి పుట్టినరోజుకని బెంగుళూరులో ఒక అంగడికి పోయి ఈ తొట్టీ, నాలుగు చిన్న బంగారు చేపలూ, ఒక కట్ట మొక్కలూ కొన్నాను. "మొక్కలున్నాయి గదా సార్, ఇంక నీళ్ళు మార్చే పనే లేదు" అన్నాడు అంగడాయన. పదకొండు రోజుల్లో నాలుగు చేపలూ పోయాయి. నాలుగోది పోయిన పొద్దున ఆ పిల్ల ఏడవలేదు. తొట్టి ముందు కూర్చుని, "తాతా, నీళ్ళు తేటగానే ఉన్నాయి గదా, మరెందుకు చచ్చిపోయాయి?" అని అడిగింది. ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి, నాకు జవాబు రాలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే చాలా దూరమే పోవలసి వచ్చింది.

మొదలు 1771లో ఉంది. ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన ఒక గాజు పాత్రలో కొవ్వొత్తి వెలిగించి మూతపెట్టాడు. కొంతసేపటికి కొవ్వొత్తి ఆరిపోయింది. ఆ చెడిన గాలిలోనే ఒక పుదీనా రెమ్మ పెట్టి కొన్ని రోజులు ఉంచాడు. తరువాత అదే గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది. జంతువులూ మంటా చెడగొట్టిన గాలిని మొక్క బాగుచేస్తుందని తేలింది. ఎనిమిదేళ్ళ తరువాత, 1779లో, డచ్చి వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ ఇంకో మెట్టు ఎక్కాడు. మొక్క ఆ పని చేసేది వెలుతురు ఉన్నప్పుడు మాత్రమేననీ, అదీ పచ్చని భాగాలతోనేననీ, చీకటి పడితే మొక్కలు కూడా మనలాగే గాలిని చెడగొడతాయనీ చెప్పాడు. ఆయన నీళ్ళలో ముంచిన ఆకుల మీద లేచే బుడగలను చూశాడు. మీలో పదో తరగతి చదివిన వాళ్ళకు ఇది కొత్త కాదు. బీకరులో హైడ్రిల్లా మొక్కను గరాటు కింద పెట్టి, పైన పరీక్షనాళిక బోర్లించి, ఎండలో ఉంచి బుడగలు లెక్కపెట్టినవాళ్ళమే అందరమూ. ఆ రాత్రి మాటను మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక్కడి నుంచి గాజుతొట్టికి రావడానికి మరో డెబ్భై ఏళ్ళు పట్టింది. దానికి తెలివి ఒక్కటే చాలదు, గాజు కూడా చౌక కావాలి. బ్రిటన్‌లో గాజు మీద చాలాకాలం పన్ను ఉండేది. 1845లో దాన్ని ఎత్తివేశారు. లండనులోనే నాథనీల్ వార్డ్ అనే వైద్యుడు 1829లో మూతపెట్టిన సీసాలో చిమ్మట గూడొకటి పెట్టి ఉంచితే, అందులోని తడి మన్నులోంచి గడ్డీ, ఒక చిన్న ఫెర్న్ మొక్కా మొలిచాయి. సీసాలోంచి లేచిన ఆవిరి మళ్ళీ నీరై కిందికే దిగుతోంది. ఆ పద్ధతిలో చేసిన గాజుపెట్టెల్లో తరువాత ఓడల మీద దేశదేశాలకు మొక్కలు పోయాయి. మూసిన గాజులో ఒక చిన్న లోకం తనంతట తాను బతకగలదనే ఆశ అలా పుట్టింది.

ఆ ఆశను నీళ్ళలోకి దించినవాడు రాబర్ట్ వారింగ్టన్. లండనులో మందుల తయారీదారుల సంఘానికి రసాయనవేత్తగా పనిచేస్తూ, ఆ భవనంలోనే కుటుంబంతో కాపురముండేవాడు. 1849లో 12 గ్యాలన్ల గాజు పాత్ర, అంటే సుమారు 54 లీటర్లది, తీసుకుని, అడుగున ఇసుకా, మన్నూ, రాళ్ళూ పరిచి, వాలిస్నేరియా అనే నీటి మొక్కను నాటాడు. పొడుగాటి రిబ్బన్ల వంటి ఆకులుంటాయి దానికి. ఆ జాతి మొక్కలు మన కాలవల్లోనూ కనిపిస్తాయి. అందులో రెండు చిన్న బంగారు చేపలను వదిలాడు.

మొదట బాగానే ఉంది. కొన్నాళ్ళకు పాత ఆకులు కుళ్ళడం మొదలుపెట్టాయి. నీళ్ళు మురికిబారాయి, గాజు లోపలి వైపు పచ్చని పాచి పట్టింది. మనమైతే తొట్టి ఎత్తి పారబోస్తాం. ఆయన ఒక్క నిమిషం ఆగి, చెరువులో ఈ పని ఎవరు చేస్తారని ఆలోచించాడు. నత్తలు చేస్తాయి. అయిదారు చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకునూ పాచినీ తినేశాయి. అవి పెట్టిన గుడ్లు చేపలకు మేతయ్యాయి. నీళ్ళు తేటపడ్డాయి. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు మొక్కకు, మొక్క వదిలిన ప్రాణవాయువు చేపకు, మిగిలిన చెత్త నత్తకు. ఈ లెక్కనంతా రాసి 1850లో కెమికల్ సొసైటీకి సమర్పించాడు. ఇవాళ మన ఇళ్ళల్లో కనిపించే మొక్కల తొట్టికి పుట్టినిల్లు అదే.

ఆ తరువాత ఇంగ్లండులో తొట్ల పిచ్చి పట్టింది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అనే మాట జనం నోటికి ఎక్కింది. మధ్యతరగతి ఇళ్ళల్లో హాలులో తొట్టి ఉండడం హోదా అయింది. అయితే ఆ పిచ్చి పదేళ్ళు కూడా గట్టిగా నిలబడలేదు. ఎందుకు నిలబడలేదంటే, మా ఇంట్లో జరిగిందే అక్కడా జరిగింది. పుస్తకం చూసి మొక్క వేశారు, చేప వేశారు, నత్త వేశారు. లెక్క కాగితం మీద సరిపోయింది, తొట్టిలో సరిపోలేదు.

లెక్కలో పొరపాటు ఎక్కడుంది? దీనికి రెండు భాగాలుగా జవాబు వచ్చింది. తేలికైన భాగం ముందు చెబుతాను, కాలంలో అది తరువాత వచ్చినదే అయినా. 1949లో అమెరికాకు చెందిన జేమ్స్ ఆట్జ్ ఈ 'సమతూకం' మాట ఒట్టి భ్రమ అని ఒక వ్యాసం రాశాడు. తొట్టిలో చేపకు అందే ప్రాణవాయువులో ఎక్కువ పాలు నీటి పైభాగం నుంచి, గాలి తగిలే చోటు నుంచి వస్తుంది. బొగ్గుపులుసు వాయువు బయటికి పోయేదీ అక్కడి నుంచే. పగలు మొక్క సాయం చేస్తుంది, నిజమే. రాత్రి అదే మొక్క చేపతో పోటీకి దిగుతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. ఇంగెన్‌హౌస్ 1779లోనే చెప్పినదాన్ని తొట్లు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు నూటడెబ్భై ఏళ్ళు పట్టించుకోలేదు. పైగా మన వేసవి ఒకటి. 20 డిగ్రీల వేడిలో లీటరు నీళ్ళు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకుంటాయి. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. బళ్ళారిలోనో, యానాంలోనో మే నెలలో గుండ్రటి గాజు బుడ్డిలో చేపను పెట్టి, మూతి సన్నగా ఉంటే ముచ్చటగా ఉందనుకుంటాం. దానికి ఊపిరాడే చోటే ఆ మూతి.

కష్టమైన రెండో భాగాన్ని విప్పినవాళ్ళలో ఒకడు ఎవరనుకున్నారు? ఆ వారింగ్టన్ కొడుకే. పేరు కూడా రాబర్టే. 1838లో పుట్టాడు, తండ్రి తొట్టి పెట్టేనాటికి పదకొండేళ్ళవాడు. ఒళ్ళు అంత బాగుండే పిల్లవాడు కాదు. బడి చదువు కన్నా తండ్రి ప్రయోగశాలలోనే ఎక్కువ నేర్చుకున్నాడు. పెద్దయ్యాక రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. ఆయన పట్టుకున్న ప్రశ్న చేపలది కాదు, పొలాలది. ఎరువులోని అమ్మోనియా నేలలో నైట్రేటుగా ఎలా మారుతోంది?

1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఒక నిలువు గొట్టంలో ఇసుకా సున్నపురాయీ నింపి, దానిమీద మురుగునీటిని మెల్లమెల్లగా పోస్తూ వచ్చారు. మొదట ఇరవై రోజుల దాకా ఏమీ జరగలేదు. తరువాత కింద దిగే నీళ్ళలో నైట్రేటు కనిపించసాగింది. క్లోరోఫారం ఆవిరి పట్టిస్తే ఆగిపోయింది. అంటే ఈ మార్పు చేసేది రసాయనం కాదు, ప్రాణమున్నదేదో ఆ ఇసుకలో కాపురముంది. చిన్న వారింగ్టన్ దీన్ని అందుకుని ఏళ్ళ తరబడి పరీక్షలు చేశాడు. పని రెండు మెట్లలో జరుగుతోందనీ, అమ్మోనియాను నైట్రైటుగా మార్చే సూక్ష్మజీవి ఒకటి, నైట్రైటును నైట్రేటుగా మార్చేది మరొకటి అనీ తేల్చాడు. వాటిని విడదీసి పట్టుకోవడం మాత్రం ఆయన చేతికి చిక్కలేదు. 1890లో రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఆ పని చేశాడు.

ఇదే మా మనవరాలి ప్రశ్నకు జవాబు. చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే వస్తుంది. దానికి రంగు లేదు. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నా అందులో విషం ఉండవచ్చు. దాన్ని తినే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో ఉండవు. ఇసుక మీదా, గాజు మీదా, ఆకుల మీదా అవి పేరుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ గొట్టంలోని ఇసుకకు పట్టిన ఇరవై రోజుల్లాగే. నేను చేపల్ని మొదటి రోజే వేశాను. దానికి తోడు మా ఇంటి బోరు నీళ్ళు పాఠ్యపుస్తకంలో కఠిన జలం అంటామే, అవి. కాచిన గిన్నెలో తెల్లటి పొర కడుతుంది. అటువంటి క్షారగుణమున్న నీళ్ళలో అమ్మోనియా మరింత చేటు. నీటి పి.హెచ్. 7 నుంచి 8కి పెరిగితే విషరూపంలో ఉండే అమ్మోనియా పాలు దాదాపు పదిరెట్లు అవుతుంది. కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల్లో బోరు మీద బతికే ఊళ్ళవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలా చేపలు బతుకుతాయి.

మరి తండ్రి వారింగ్టన్ తొట్టి ఎలా బతికింది? ఆయన అడుగున పరిచింది చెరువు మన్ను వంటి మన్ను. అందులో ఆ సూక్ష్మజీవులు ముందే ఉండి ఉంటాయి. చేపలు రెండే, నీళ్ళు 54 లీటర్లు. నత్తలు చేశాయనుకున్న పనిలో సగం కంటికి కనబడనివి చేశాయి. ఆయనకు తెలియని ఆ కూలీలెవరో తెలుసుకోవడానికి కొడుకు జీవితం పట్టింది. ఇంకో ముచ్చట కూడా ఉంది. 2015లో ఈ రెండు మెట్ల పనినీ ఒక్కతే చేసే సూక్ష్మజీవి కూడా ఉందని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దాన్ని పట్టుకున్న చోట్లలో ఒకటి చేపల పెంపకం నీళ్ళను శుభ్రం చేసే వడపోత యంత్రం. కథ తిరిగి తొట్టికే వచ్చింది.

ఆ ఇంటి కథ అక్కడితో ఆగలేదు. కొడుకు వారింగ్టన్ కూతురు కేథరిన్ 1897లో పుట్టింది. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తరువాత ఆమె కూడా అదే రోథమ్‌స్టెడ్‌లో చేరి, 1923లో చిక్కుడు జాతి మొక్క మీద ప్రయోగం చేసి, బోరాన్ అనే మూలకం చిటికెడు కూడా కాదు, లేశమాత్రం లేకపోయినా మొక్క ఎదగదని నిరూపించింది. ఇవాళ అక్వేరియం మొక్కలకని అమ్మే పోషక ద్రావణాల సీసాల మీద ఇనుము, మాంగనీసుల పక్కన బోరాన్ పేరు చూడండి. తాత మొక్కను నీళ్ళలో నాటాడు, తండ్రి నీళ్ళను కాచేదెవరో చూశాడు, మనవరాలు మొక్క ఆకలి సంగతి చూసింది. ముగ్గురిలో ఏ ఇద్దరూ కలిసి తొట్టి కోసం పనిచేసింది లేదు.

ఇక మన వైపుకు వస్తే, జనం చూడడానికని పెట్టిన అక్వేరియాలు ముందు వచ్చాయి. మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో ఒకటి తెరిచారు, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అది మూతపడింది. బొంబాయిలో తారాపోరెవాలా అక్వేరియం 1951లో వచ్చింది. బెంగుళూరు కబ్బన్ పార్కులో 1983లో తెరిచినదానికి మా బడి పిల్లలను నేనే తీసుకుపోయాను. ఇళ్ళల్లో పెంచుకునే రంగు చేపలకు మద్రాసు పక్కన కొళత్తూరు పేరుపడింది. అక్కడ ఇళ్ళమీదా పెరళ్ళలోనూ సిమెంటు తొట్లలో చేపల్ని పిల్లలు పెట్టించి ఎన్నో ఊళ్ళకు పంపుతున్నారు.

చిన్న తొట్టి మొక్కలకు కొత్త అందం తెచ్చినవాడు జపానులోని నీగాతాకు చెందిన తకాషి అమానో. 1954లో పుట్టి 2015లో పోయాడు. ఫోటోగ్రాఫరు కావడం వల్ల తొట్టిని చూసే కన్ను వేరు. రాళ్ళు, మోళ్ళు, పచ్చిక బయలు వంటి పొట్టి మొక్కలు, మధ్యలో పాచి తినే చిన్న రొయ్యలు. ఆయన పద్ధతికి బొగ్గుపులుసు వాయువు సిలిండరు, గట్టి దీపాలు కావాలి. చూడ్డానికి బ్రహ్మాండం, చేతికి ఖర్చు. నాబోటి పింఛనుదారుకు నచ్చినది అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో పుస్తకంగా రాసిన పద్ధతి. అంగుళం తోటమన్ను, దానిమీద అంగుళం ఇసుక, మొదటి రోజు నుంచే ఒత్తుగా మొక్కలు. నీటి మొక్కలు నైట్రేటు కన్నా అమ్మోనియానే ఇష్టంగా తీసుకుంటాయని ఆమె గట్టిగా చెప్పింది. కాబట్టి మొక్క పని గాలి ఇవ్వడం కన్నా విషం పీల్చడమే అనుకోవాలి. చూశారా, వారింగ్టన్ చేసింది సరైన పనే, చెప్పిన కారణం సగమే సరైనది.

చిన్న తొట్టి సులువని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. చెరువులో ఒక చేప చచ్చినా తేడా తెలియదు. బిందెడు నీళ్ళలో నాలుగు మెతుకుల మేత ఎక్కువైతే చాలు. బంగారు చేప మన గండె చేపకు చుట్టం, బాగా పెరిగితే అడుగు దాకా పెరుగుతుంది. దానికి 12 లీటర్లలో పెట్టే శిక్ష ఇంకెవరికీ వద్దు. రెండోసారి నేనూ మనవరాలూ మన్ను, ఇసుక పరిచి, మొక్కలు నాటి, నత్తలు వేసి ఆరు వారాలు ఊరికే చూశాం. కుళాయి నీళ్ళు కలిపినప్పుడు క్లోరిన్ విరిగే మందు వేశాం. కేలెండరు మీద రోజులు కొట్టేసింది ఆ పిల్లే. తరువాత ఆరు ఎర్రటి చిన్న రొయ్యలు తెచ్చాం. కఠిన జలం వాటికి పడుతుంది. వారానికి మూడు లీటర్లు తీసి మూడు లీటర్లు పోస్తాం. నీళ్ళు మార్చే పనే లేదన్న మాట మాత్రం మా ఇంట్లో ఇప్పుడు నవ్వులాట.

ఒక హెచ్చరిక చెప్పకుండా వదలలేను. ఇందాక చెప్పిన హైడ్రిల్లా మన చెరువు మొక్క. 1950ల మొదట్లో అక్వేరియం వ్యాపారులు దాన్ని సింహళం నుంచి అమెరికాలోని ఫ్లోరిడాకు తెప్పించారు. పారేసిన తీగలు కాలవల్లో వేళ్ళూనుకున్నాయి. చెరువులు, నదులు పడవ నడవనంతగా అల్లుకుపోయాయి. 1997లో జన్యు పోలికలు చూస్తే, అక్కడి ఆ రకానికి దగ్గరగా వచ్చినవాటిలో బెంగుళూరు నుంచి తీసుకున్న నమూనా ఉంది. మన మొక్క అక్కడ చేసిన పనే, వాళ్ళ చేప ఇక్కడ చేస్తోంది. గాజు మీద పాచి నాకుతుందని దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ముళ్ళ చేప తొట్టిలో పట్టనంత పెరిగాక, జనం చెరువులో వదిలేశారు. ఆంధ్రా చేపల చెరువుల్లో దాన్ని దెయ్యం చేప అంటున్నారు, వలలు చింపుతోందని గొల్లుమంటున్నారు. చంపడానికి మనసొప్పక వదులుతారు, తెలుసు. ఆ దయ ఇంకెవరి కడుపో కొడుతుంది. పెద్దదైన చేపను తెచ్చిన అంగడికే తిరిగి ఇవ్వండి.

మా తొట్టిలో మొక్కలు పెరిగినప్పుడు కత్తిరించిన ముక్కల్ని మేడ మీద ఎండలో పరిచి, బాగా ఎండాక చెత్తలో వేస్తున్నాం. తీసిన మూడు లీటర్ల నీళ్ళలో నైట్రేటు ఉంటుంది గనక కాలవలో పోయకుండా పెరట్లోని మల్లెపాదుకు పోస్తున్నాం. ఆ పని మనవరాలిది. ఈ ఏడు పాదు బాగానే పూసింది. సెలవు.